‘నిన్ననే పంపాను’ అనడానికి ‘ఓన్లీ యెస్టర్‌డే’ సరిపోతుందా?

ప్రశ్న:
నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. పోయిన వారం లండన్‌లోని క్లయింటు రిపోర్టు అందలేదని రాస్తే, నిన్ననే పంపాను కదా అనే ఉద్దేశంతో “ఐ సెంట్ ఇట్ ఓన్లీ యెస్టర్‌డే” అని జవాబిచ్చాను. ఆయన దాన్ని ఆలస్యాన్ని ఒప్పుకోవడంగా తీసుకొని, ముందే ఎందుకు పంపలేదని మా మేనేజరును అడిగారు. నా పొరపాటు ఎక్కడుందో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
చిక్కంతా మాట చివర నొక్కి చెప్పడానికి చేర్చే మన ‘ఏ’ దగ్గర ఉందండీ. “అన్నయ్య ఊరి నుంచి నిన్ననే వచ్చాడు” అంటే వచ్చి ఎన్నో రోజులు కాలేదని అర్థం. “కరెంటు బిల్లు నిన్ననే కట్టేశాను కదా” అంటే ఇవాళ్టి దాకా ఆగలేదని అర్థం. ఒకే ‘నిన్ననే’ ఒకచోట ‘అంతకుముందు కాదు’ అనీ, మరొకచోట ‘ఆలస్యం చేయలేదు’ అనీ చెబుతున్నా, సందర్భాన్నీ గొంతునూ చివరి ‘కదా’నూ బట్టి మనం తడుముకోకుండా గ్రహిస్తాం. ఇంగ్లీషులో ‘ఓన్లీ యెస్టర్‌డే’కు ‘అంతకుముందు కాదు’ అన్న మొదటి అర్థమే ఉంది. మీ ఉద్దేశానికి “ఐ హ్యావ్ ఆల్‌రెడీ సెంట్ ఇట్” అనో, ఉత్త “ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే” అనో రాస్తే చాలు.

రెండో సమాధానం:
ఇది తెలుగువారి అలవాటు మాత్రమే కాదు. నేను హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండలో పెరిగాను. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, అంటే ఇక్కడి ఉర్దూ. “కలిచ్ భేజా” (నిన్ననే పంపాను) అనేటప్పుడు వినిపించే ఆ ‘ఇచ్’, మరాఠీ ‘చ’ ప్రభావంతో దక్కనీలో స్థిరపడి, మన ‘ఏ’ చేసే పనే చేస్తుంది. హైదరాబాదులో ఏ భాషలో ఆలోచించినా నొక్కి చెప్పే ముక్క మాట చివరనే తగులుతుంది కనుక, ఇంగ్లీషులో ఆ చోటును ‘ఓన్లీ’తో నింపి “ఐ యామ్ కమింగ్ నౌ ఓన్లీ” అంటాం. పక్కింటివారితో అలా మాట్లాడడం తప్పని నేను అనుకోను. లండన్‌కు రాసే మెయిల్ సంగతి వేరు.

మూడో సమాధానం:
‘వన్’, ‘ఓన్లీ’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఒకదానికే పరిమితం చేయడం ‘ఓన్లీ’ పని. అందువల్ల రాసేముందు తెలుగులో ‘ఏ’ తీసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. “నిన్న మాత్రమే పంపాను” అన్నది మీరు చెప్పదలచుకున్నది కాదు కదా!

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పాత మెయిళ్లు తిరగేస్తే “హి ఈజ్ ఇన్ ద మీటింగ్ ఓన్లీ” కనిపించింది. ‘మీటింగులో మాత్రమే ఉన్నారు’ అని చదువుకోగానే తేడా తెలిసింది. క్లయింటుకు ఈ ఉదయమే వివరణ రాశాను, ఈసారి ‘ఆల్‌రెడీ’తో.