గ్లామర్‌కీ గ్రామర్‌కీ చుట్టరికం ఉందంట, తెలుసా?

నిన్న టీవీలో ఎవరో హీరోయిన్ గ్లామర్ గురించి ఊదరగొడుతుంటే మా చిన్నోడు ఈ మాట ఏ భాషది నాన్నా అన్నాడు, ఇంగ్లీషే కదరా అనేసి తర్వాత డౌటొచ్చి డిక్షనరీ చూస్తే అది స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష మాటంట, అదీ మనం బళ్ళో చచ్చీచెడీ బట్టీ కొట్టిన గ్రామర్‌లోంచే పుట్టిందంట! అప్పట్లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. అక్షరం ముక్క రాని జనానికి ఆ చదువున్నోడికి మంత్రాలు కూడా వచ్చనే అనుమానం. అలా స్కాట్లండ్ నోళ్ళలో ర కాస్తా ల అయిపోయి గ్లామర్ అంటే కనికట్టు అయింది. అక్కడో పాత పాటలో జిప్సీలు దొరగారి గుమ్మం ముందుకొచ్చి పాడతారు, దొరసాని మెట్లు దిగొస్తే ఆమె మీద గ్లామర్ వేస్తారు, ఇల్లూ వాకిలీ వదిలేసి వాళ్ళ వెంట వెళ్ళిపోతుంది. అంటే గ్లామర్ ఆవిడ అందం కాదు, ఆవిడ కళ్ళకి కమ్మింది! స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ వాడాకే ఇంగ్లీషోళ్ళకి బాగా అలవాటైందంట.

↳ బాగుందండీ. స్కాట్స్ అంటే గేలిక్కేనా?

↳ కాదండీ, చాలామంది అక్కడే పొరబడతారు. రెండూ స్కాట్లండ్‌వే గానీ గేలిక్ ఐరిష్‌కి చెల్లెలు, స్కాట్స్ ఇంగ్లీషుకి చెల్లెలు. స్కాట్స్‌లో పిల్లల్ని బెయిర్న్ అంటారు, అది పాత ఇంగ్లీషుదే. కంగారు పడకు అనడానికి వాడే ఫాష్ ఫ్రెంచి నుంచి వచ్చింది. మనం రోజూ వాడే స్లోగన్ మాత్రం గేలిక్‌దే, స్లూఅ అంటే సైన్యం, గైర్మ్ అంటే కేక. యుద్ధంలో పెట్టే కేక అన్నమాట, ఎలక్షన్లప్పుడు మా వీధిలో మైకులు వింటే ఆ అర్థం ఇంకా పోలేదనిపిస్తుంది 😀

↳ బ్లాక్‌మెయిల్ మర్చిపోయారు సార్. అందులో మెయిల్ ఉత్తరం కాదు, స్కాట్స్‌లో శిస్తు. 1500ల్లో ఇంగ్లండ్ బోర్డర్లో రీవర్లని పశువుల దొంగలుండేవాళ్ళు, మా ఆవుల జోలికి రాకండి బాబూ అని రైతులు వాళ్ళకి కట్టుకునేదే బ్లాక్‌మెయిల్. భూమికి కట్టేది ఒకటి, దొంగకి కట్టేది ఇంకోటి.

↳ అంటే మన "మామూలు" అన్నమాట!

↳ అబ్బ, సరిగ్గా పట్టారండీ. ఇన్ని లైన్లు కొట్టాను గానీ నాకీ మాట తట్టలేదు చూడండి. మామూలు కూడా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిందే, అసలర్థం ఆనవాయితీ. వాళ్ళు కనీసం బ్లాక్ అని ముందే చెప్పుకున్నారు, మనం లంచానికి ఆనవాయితీ అని పేరు పెట్టుకున్నాం.