ఎండ ఊళ్ళో పల్చటి ఆయిలా? 0డబ్ల్యూ-20 పొయ్యాలా, 20డబ్ల్యూ-40 పొయ్యాలా

పల్నాటి ఎండ:
మాది పిడుగురాళ్ళ. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు, రెంటచింతల మాకు పక్కనే. బండి 2019 వ్యాగన్ ఆర్ 1.0 పెట్రోల్. 85 వేలు తిరిగింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్ళూ షోరూములో 0డబ్ల్యూ-20 పోశారు. మాన్యువల్లో కూడా ముందు చెప్పింది అదే, దాంతోపాటు 5డబ్ల్యూ-30 కూడా ఉంది. ఈసారి ఊళ్ళో తెలిసిన మెకానిక్ దగ్గర మార్పిద్దామని డబ్బా కొనుక్కుని వెళ్ళా. ఆయన మూత తీసి రెండు చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది, "ఇది ఆయిలా, నీళ్ళా? మన ఎండలకి ఇది పోస్తే ఇంజన్ బోరుకొస్తది. 20డబ్ల్యూ-40 తెచ్చుకో" అన్నాడు. ఆయన పని మీద నాకు గురి ఉంది. అలాగని కంపెనీవాడు తెలిసి తెలిసి తప్పు ఆయిల్ రాస్తాడా అని ఇంకోపక్క. డబ్బా ఇంకా డిక్కీలోనే ఉంది. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ షెడ్డు:
మీ మెకానిక్ చెప్పిందే రైటు తమ్ముడూ. మాది బెజవాడ ఆటోనగర్. మారుతి 800లు, ఓమ్నీలు 20డబ్ల్యూ-40 తాగి లక్షలు తిరిగి వస్తే నా చేతులతో ఇంజన్లు విప్పా. బేరింగులు నున్నగా ఉండేవి. ఇప్పుడీ పల్చటి ఆయిల్ ఎందుకొచ్చిందో తెలుసా? 2017 నుంచి మన దేశంలో కార్ల కంపెనీల ఇంధన వాడకం మీద కేఫ్ అనే రూలు వచ్చింది, 2022లో ఇంకా బిగించారు. అమ్మిన కార్లన్నిటి సగటు కిలోమీటరుకి 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఉండాలన్నారు. పల్చటి ఆయిల్ పోస్తే మైలేజీ కాస్త పెరుగుతుంది, లెక్క కుదురుతుంది. వాళ్ళకి కావాల్సింది సర్టిఫికెట్. లక్ష దాటాక నీ ఇంజన్ ఏమైతే వాళ్ళకేంటి?

ల్యాబ్ కోటు:
షెడ్డు గారు కేఫ్ గురించి చెప్పింది అబద్ధం కాదు. కానీ గొడవంతా ఆ వేళ్ళ పరీక్షతోనే వచ్చింది. నేను లూబ్రికెంట్ల పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 0డబ్ల్యూ అంటే మైనస్ 35 డిగ్రీల్లో కూడా ఇంజన్ తిరిగేంత జారుగా ఉంటుందని. 20డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 15 దగ్గరే. ఆ సున్నా చూసి "ఎండకి పనికిరాదు" అనడంలో అర్థం లేదు. 0డబ్ల్యూ-40 అని కూడా ఆయిల్ ఉంది, వేడి మీద అది 20డబ్ల్యూ-40 ఎంత చిక్కనో అంతే చిక్కన. వేడిలో లెక్క తేల్చేది రెండో అంకె. దాన్ని కొలిచేది 100 డిగ్రీల దగ్గర. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క, అంకె పెరిగేకొద్దీ చిక్కన) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు.

ఇప్పుడు వేళ్ళ సంగతి. వేళ్ళు ఉండేది 35 డిగ్రీల దగ్గర. 40 డిగ్రీల్లో మామూలు 0డబ్ల్యూ-20 దాదాపు 40 సెంటీస్టోక్స్ ఉంటుంది, 20డబ్ల్యూ-40 దానికి సుమారు మూడింతలు. అందుకే చేతికి నీళ్ళలా అనిపిస్తుంది. అదే వేడెక్కిన ఇంజన్లో మొదటిది 8, రెండోది 14 దగ్గరికి దిగుతాయి. అంటే మీ ఇంజన్‌కి వేడి మీద కావాల్సింది ఆ 8 అనుకుంటే, పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు పల్చటి ఆయిల్ కూడా దానికి ఐదింతలు చిక్కగానే ఉంది. 20డబ్ల్యూ-40 అయితే ఇంకెంత చిక్కగా ఉంటుందో లెక్కేసుకోండి. ఆ మొదటి క్షణాల్లో ఆయిల్ పైదాకా ఎంత తొందరగా ఎక్కితే అంత మంచిది.

ఇక బయట 45 డిగ్రీలుంటే లోపల ఆయిల్ కాగిపోతుందనుకోవడం. థర్మోస్టాట్ ఉన్నదే అందుకు. కూలెంట్‌ని 80, 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది, బయట జనవరి అయినా మే అయినా.

ఓరుగల్లు డ్రైవర్:
అన్నా, థర్మోస్టాట్ ముచ్చట కాయితం మీద మంచిగనే ఉంటది. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఫుల్ పెట్టి, నలుగుర్ని ఎక్కించుకొని ఉప్పల్ సిగ్నల్ కాడ నిలబడు. ఫ్యాన్ ఆగకుండ తిరుగుతనే ఉంటది. గప్పుడు ఆయిల్ వేడి మామూలుగనే ఉంటదా? నాది సీఎన్జీ, రోజంతా రోడ్డు మీదనే. నేను 5డబ్ల్యూ-30 పోయిస్త. పుస్తకంల ఉన్నదే, కొంచెం చిక్కన. గిద్దానికి గింత లొల్లి ఎందుకే?

ఇంకో మాట. సీఎన్జీ బండ్ల ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తేనె రంగులనే కనిపిస్తది. అది చూసి ఇంకా బాగనే ఉందని కొందరు మార్చరు. రంగు చూసి మోసపోవద్దు.

ఆటోనగర్ షెడ్డు:
ల్యాబ్ కోటు గారూ, 100 డిగ్రీల లెక్క చెప్పారు సరే. 150 డిగ్రీల లెక్క ఎందుకు చెప్పలేదు? బేరింగు మీద ఒత్తిడి పడేచోట ఆయిల్ పొర నిలబడుతుందా లేదా చూసే పరీక్ష ఒకటుంది కదా, మీకు తెలియదనుకోను.

ల్యాబ్ కోటు:
తెలుసండీ, హెచ్‌టీహెచ్‌ఎస్. 20 గ్రేడుకి కనీసం 2.6 ఉండాలి, 20డబ్ల్యూ-40కి 3.7. పొర మందంలో చిక్కటిదే గెలుస్తుంది, దాచేదేమీ లేదు. అయితే బేరింగుల సందులు, పంపు, ఆయిల్ దారులు అన్నీ ఆ 2.6ని లెక్కలో పెట్టుకునే కట్టారు. స్విఫ్ట్ లాంటి 1.2 ఇంజన్లలో వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. చిక్కటిది పోస్తే అది మందకొడిగా కదులుతుంది. మీ 800లో అలాంటివేం లేవు కదా.

డల్లాస్ తెలుగోడు:
మా దగ్గర టెక్సాస్‌లో ఎండాకాలం 40 దాటుతుంది. నా టయోటాలో మొదట్నుంచీ 0డబ్ల్యూ-20నే. ఇక్కడ చాలామందివి అదే ఆయిల్ మీద లక్ష మైళ్ళు ఇట్టే దాటుతున్నాయి. కానీ షెడ్డు అన్నకి పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది. ఇక్కడి టయోటా మాన్యువల్లోనే, ఎక్కువ వేగంతో నడిపినా, బాగా బరువు లాగించినా ఇంకాస్త చిక్కటి ఆయిల్ నప్పవచ్చు అని రాసి ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

ఆటోనగర్ షెడ్డు:
చూశారా! చిన్న అక్షరాల్లో!

ల్యాబ్ కోటు:
"ఇంకాస్త" అన్నాడు షెడ్డు గారూ, 20డబ్ల్యూ-40 అనలేదు. ఒక మెట్టు ఎక్కి 5డబ్ల్యూ-30కి వెళ్తే నాకు అభ్యంతరం లేదు, ఓరుగల్లు తమ్ముడు చేస్తున్నది సబబే. నా గొడవ ఆ రెండో మెట్టుతోనే. పైగా మన ఊళ్ళ కొట్లల్లో 20డబ్ల్యూ-40 అడిగితే చాలాసార్లు బైకు ఆయిల్ చేతిలో పెడతారు. అది బైకుల్లో ఆయిల్‌లోనే మునిగి తిరిగే తడి క్లచ్ జారకుండా ఉండటానికి చేసింది, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటుంది. కారుకి దాంతో పనిలేదు. డబ్బా వెనక నాణ్యత గుర్తు ఏపీఐ ఎస్‌ఎన్ గానీ, 2020లో వచ్చిన ఎస్పీ గానీ ఉందా అని చూసుకోండి.

పల్నాటి ఎండ గారూ, అసలు మీ ఇంజన్ ఆయిల్ తాగుతోందా లేదా అది చెప్పండి. పొద్దున్నే, చదును నేల మీద, స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడండి. యాక్సిలేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు వెనక నీలం పొగ వస్తోందా?

పల్నాటి ఎండ:
చూశానండి. పొగ లేదు. కానీ మట్టం పై గీత నుంచి కింది గీతకి దగ్గర్లో ఉంది. పోయిన సర్వీసులో పై గీత దాకా పోశారని నాకు గుర్తు. మధ్యలో ఎవరూ కలపలేదు. అంటే తాగుతున్నట్టేనా? మెకానిక్ 20డబ్ల్యూ-40 అన్నది దీన్ని చూసే అయ్యుంటుందా?

ఆటోనగర్ షెడ్డు:
ఆగు ఆగు. పొగ లేకుండా అంత తగ్గిందంటే తాగడం కాదు, కారి ఉండొచ్చు, ముందు అది చూడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, పైన ట్యాపెట్ కవర్ చుట్టూ అంచు మీద వేలు పెట్టి లాగు. దుమ్ము, ఆయిల్ కలిసి నల్లగా జిగురు అంటితే ప్యాకింగ్ గట్టిపడిందన్నమాట. మన వేడికి రబ్బరు ఎండిపోయి పెళుసెక్కుద్ది. ఫిల్టర్ చుట్టూ కూడా చూడు.

పల్నాటి ఎండ:
అంటింది అన్నా. ఎగ్జాస్ట్ వైపు అంచంతా బురదలా ఉంది. హైవే దిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏదో మాడిన వాసన వస్తుంటే ముందున్న లారీది అనుకునేవాణ్ణి.

ఆటోనగర్ షెడ్డు:
ఆ వాసన నీ బండిదే. కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి మాడుతోంది. ముందు ప్యాకింగ్ మార్పించు, పెద్ద ఖర్చు కాదు. చిక్కటి ఆయిల్ పోస్తే కారడం కాస్త తగ్గుద్ది గానీ ఆగదు. అది నేనూ ఒప్పుకుంటా. కానీ ప్యాకింగ్ మార్చాక నేనైతే 10డబ్ల్యూ-40 పోస్తా. 85 వేలు తిరిగిన ఇంజన్‌కి కొత్త ఇంజన్ లెక్క చెప్పకండి.

ల్యాబ్ కోటు:
85 వేలు ఈ ఇంజన్‌కి వయసే కాదు. పొగ లేదు, ప్రెషర్ లైటు వెలగట్లేదు. ప్యాకింగ్ మార్చి, డిక్కీలో ఉన్న 0డబ్ల్యూ-20నే పోసి, నెలకోసారి మట్టం చూస్తూ ఉండండి. తగ్గితే అప్పుడు 5డబ్ల్యూ-30.

ఓరుగల్లు డ్రైవర్:
వీళ్ళిద్దరూ ఎన్నటికీ ఒప్పుకోరు గానీ అన్నా, నువ్వు పని జరిగేటప్పుడు పక్కనే నిలబడు. పాత ఫిల్టర్ ఇప్పి నీ చేతికి ఇయ్యమను, కొందరు పైన తుడిచి వదిలేస్తరు. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వెయ్యమను. ఖాళీ డబ్బా షెడ్డుల ఇడిచిపెట్టకు, కత్తితోని కోసి పారెయ్. లేకపోతే గా డబ్బాలనే లూజు ఆయిల్ నింపి ఇంకోనికి అమ్ముతరు.

ఆటోనగర్ షెడ్డు:
అందరు షెడ్డుల వాళ్ళూ అలా ఉండరు తమ్ముడూ. కానీ డబ్బా మాత్రం కోసెయ్యి.