ఇంట్లో పెరుగు తోడుపెడితే నిజంగా డబ్బు మిగులుతుందా? ఒక్కోసారి నీళ్లలా వస్తోంది

ప్రశ్న:
మా ఇంట్లో పెరుగు వాడకం ఎక్కువ. రోజూ డబ్బాలు కొంటుంటే నెలాఖరుకి ఆ ఖర్చే పెద్దదిగా కనిపిస్తోంది. అందుకే పాలు తెచ్చి ఇంట్లోనే తోడుపెడుతున్నాను. ఒకసారి చక్కగా గడ్డలా తోడుకుంటుంది, ఇంకోసారి పలచగా ఉండి పైన నీరు తేలుతుంది. అది ఎవరూ తినరు, పాల డబ్బులూ పోతాయి. పెరుగు తోడుపెట్టే మిషన్ కొంటే మేలా? తోడు ఇంకొంచెం ఎక్కువ వేయాలా?

జవాబు:
మిషన్ వద్దండీ. అది చేసేదల్లా కొన్ని గంటలు ఒకే వేడి నిలబెట్టడం. మూత గట్టిగా ఉన్న హాట్‌బాక్స్ గానీ, గిన్నె చుట్టూ చుట్టిన మందపాటి తువ్వాలు గానీ ఆ పని చేసేస్తాయి. ఖర్చు తగ్గించుకుందామని మొదలుపెట్టి ముందే ఒక వస్తువు కొంటే, ఆ డబ్బు తిరిగి రావడానికే చాలాకాలం పడుతుంది.

ఇక లెక్క. లీటరు పాలు తోడుపెడితే దాదాపు లీటరు పెరుగే వస్తుంది, తరుగు పెద్దగా ఉండదు. కాబట్టి మీరు కొనే పాల ధర, అంతే పెరుగు ధర పక్కపక్కన రాసుకోండి. ఆ తేడాలోంచి పాలు కాచే ఖర్చు తీసేస్తే మిగిలేదే మీ ఆదా. ఎలాగూ రోజూ పాలు కాచే ఇల్లయితే ఆ ఖర్చు కూడా కొత్తది కాదు. అయితే నాలుగుసార్లలో ఒకసారి పారబోస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అందుకే ముందు పెరుగు చెడకుండా చూసుకోవాలి.

నాకు తెలిసి చాలా ఇళ్లలో తేడా వచ్చేది వేడి దగ్గరే. పాలు ఒక్క పొంగు రాగానే దించేయకండి. సెగ తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ 10 నిమిషాలు ఉంచండి. 85 డిగ్రీల దాకా వేడెక్కితే పాలలోని కొన్ని ప్రొటీన్లు విడివడి, పెరుగు తోడుకునేటప్పుడు నీటిని పట్టి ఉంచుతాయి. గట్టిదనం అక్కడి నుంచే వస్తుంది. తర్వాత 43 డిగ్రీల దాకా చల్లారనివ్వాలి. థర్మామీటర్ లేకపోతే శుభ్రమైన వేలు ముంచి చూడండి: వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. 55 దాటిన పాలలో తోడు వేస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. మరీ చల్లారిపోయాక వేస్తే తోడుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి జిగురుగా సాగుతుంది కూడా.

తోడు ఎక్కువ వేస్తే గట్టిగా వస్తుందనుకోవడం సరికాదు. త్వరగా పులిసి నీరు వదిలేస్తుంది. లీటరుకు ఒక పెద్ద చెంచా చాలు. దాన్ని ముందు కొద్దిపాటి గోరువెచ్చని పాలలో ఉండలు లేకుండా చిలికి, ఆ తర్వాత గిన్నెలో కలపండి. ఒకసారి కలిపాక ఆ గిన్నెను కదపనే వద్దు. ఇక్కడ మాత్రం ఓపిక పట్టాలి, మధ్యమధ్యలో వంచి చూస్తే కట్టుకుంటున్న పెరుగు విరిగి నీరు ఊరుతుంది. 5 నుంచి 8 గంటల్లో అయిపోతుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి, బయటే వదిలేస్తే పులుపు పెరుగుతూనే ఉంటుంది.

మళ్లీ అడుగుతున్నాను:
చాలా థాంక్సండీ, పాలు మరీ చల్లారాక వేస్తున్నట్టున్నాను. తక్కువ వెన్న ఉన్న పాలు చవగ్గా దొరుకుతాయి, వాటితో కుదురుతుందా? తోడు కోసం ప్రతిసారీ పెరుగు కొనక తప్పదా?

ఇంకొకరి జవాబు:
కుదురుతుంది అక్కా. పెరుగు కొంచెం పలచగా వస్తుంది, అంతే. లీటరుకు రెండు మూడు చెంచాల పాలపొడి కలిపి కాచండి, గట్టిపడుతుంది. పాలపొడి ధర కూడా లెక్కలో వేసుకోండి, ఒక్కోసారి మామూలు పాలే చవక. ఎక్కువ రోజులు నిల్వ ఉండే టెట్రా ప్యాక్ పాలైతే ముందే బాగా వేడిచేసి ఉంటారు కాబట్టి గోరువెచ్చగా చేసి తోడేస్తే సరిపోతుంది, కాచే ఖర్చు మిగులుతుంది.

తోడు ప్రతిసారీ కొనక్కర్లేదు. పెరుగు తోడుకోగానే, ఎవరూ చెంచా పెట్టకముందే, రేపటికి కావలసినంత శుభ్రమైన చిన్న డబ్బాలోకి తీసి దాచండి. ఊరెళ్లేటప్పుడు ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించినా పనికొస్తుంది, కాకపోతే తోడుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. పుల్లటి పెరుగునే మళ్లీ మళ్లీ వాడుతుంటే ప్రతిసారీ ఇంకా పుల్లగా వస్తుంది. అప్పుడొక చిన్న డబ్బా తాజా పెరుగు కొని మళ్లీ మొదలుపెట్టండి. అది చక్కెర, రుచులు కలపనిదై ఉండాలి, తయారయ్యాక మళ్లీ వేడిచేసినదైతే తోడుకు పనికిరాదు.

పైన తేలిన నీరు కొంచెమే అయితే తప్పేం లేదు, కలిపేసుకుని తినొచ్చు. పారబోయకండి, పిండి కలపడానికి కూడా బాగుంటుంది. కానీ గులాబీ రంగు గానీ బూజు గానీ కనిపిస్తే డబ్బు పోతుందని చూడొద్దు. పైపైన తీసేసి మిగతాది వాడటం ప్రమాదం. మొత్తం పారేసి, గిన్నెను మరిగే నీళ్లతో కడిగి, కొత్త తోడుతో మొదలుపెట్టండి.