రాగి 21 వచ్చింది: సగం నీళ్ళు మార్చాలా, రెజిన్ పెట్టాలా?

కొత్తసంప్:
300 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. నీళ్ళలో ఏ లోహం ఎంతుందో ల్యాబ్‌లో కొలిచే ఐసీపీ పరీక్ష రిపోర్ట్ వచ్చింది. రాగి లీటరుకి 21 మైక్రోగ్రాములట, ఎర్రగుర్తు పెట్టి పంపారు. జింక్ మామూలే. అక్రోపోరా పగడాల పాలిప్స్ (పువ్వుల్లా విచ్చుకునే నోళ్ళు) రోజంతా ముడుచుకునే ఉంటున్నాయి. టర్బో నత్త ఒకటి వెల్లకిలా పడి మళ్ళీ లేవలేదు. చేపలు మాత్రం శుభ్రంగా తింటున్నాయి. చేపల జబ్బులకి వేసే రాగి మందు ఈ ట్యాంకులో ఎప్పుడూ వేయలేదు. ఏం చేయమంటారు?

నీటిమార్పు:
సగం మార్చెయ్యండి. 21 కాస్తా పదిన్నరకి దిగుతుంది. ఇంకోసారి సగం మారిస్తే 5 చిల్లర. వారానికి పది శాతం చొప్పున అయిదు వారాలు మార్చినా ఇంకా 12 దగ్గరే ఉంటారు.

పగడాలపిచ్చి:
సగం అంటే ఎంత తేలిగ్గా చెప్పేశారండీ! ఆల్కలినిటీ (నీటి క్షారత్వం) 8 ఉన్న ట్యాంకులో 11 ఉన్న ఉప్పునీళ్ళు సగం పోస్తే ఒక్క దెబ్బకి తొమ్మిదిన్నర. రాగి ఏం చేస్తుందో గానీ అక్రోపోరా కొసలు ముందు దీనికే పోతాయి. రాగిని పట్టేసే రెజిన్ గుళికలు, క్యుప్రిసార్బ్, సంచిలో కట్టి సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) నీళ్ళు బాగా పారే చోట పెట్టండి. పక్కన పాలీఫిల్టర్ అనే వడపోత మెత్త ముక్క పెట్టండి, నీలంగా మారితే రాగి పడుతోందని తెలుస్తుంది. పైగా రాళ్ళూ ఇసుకా పీల్చుకున్న రాగి నీళ్ళు మార్చినంత మాత్రాన పోదు, మెల్లగా వదులుతూనే ఉంటుంది.

గవ్వ:
నికెల్ ఎంత?

నీటిమార్పు:
ఆల్కలినిటీ కొత్త నీళ్ళలోనే సరిచేసుకుని పోయొచ్చు. అది తెలియక నేను సగం అన్నాననుకున్నారా? మీ రెజిన్ రాగి ఒక్కదాన్నే పట్టుకుని ఊరుకుంటుందా? మిగతా లోహాలనీ లాగుతుంది.

ఉప్పుపిసరు:
ఉప్పు కలిపే ఆర్‌ఓ నీళ్ళు కూడా అనుమానించండి. కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించిందని ధీమా పడొద్దు. 20 మైక్రోగ్రాములంటే 0.02 పీపీఎం. ఒక పీపీఎం, రెండు పీపీఎం అని లెక్కపెట్టే మీటర్‌కి అది కనపడదు.

పగడాలపిచ్చి:
నాకూ ఇలాగే ఒక పెద్దమనిషి సగం సగం మార్చమన్నాడు. ఆల్కలినిటీ సరిచేసుకునే మార్చాను. పెద్ద కాలనీ అడుగు నుంచి తెల్లబడుతూ పైకి పోయింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే రాగి ఇంకా పెరిగింది. ఆ ఉప్పులోనే ఉంది రాగి! కలిపిన కొత్త నీళ్ళు విడిగా పరీక్షకి పంపితే గానీ తేలలేదు. ఆ పెద్దమనిషి మళ్ళీ పలకలేదు.

నీటిమార్పు:
మీ ఉప్పు గొడవ ఈయన ట్యాంకుకి సాక్ష్యమా? ప్రతి చర్చలోనూ ఆ కాలనీ శవాన్నే తెచ్చి నడిమధ్య పడుకోబెడతారు.

పగడాలపిచ్చి:
పోయింది మీది కాదు కాబట్టి ఎన్నయినా అంటారు.

నీటిమార్పు:
సరే, సూటిగా చెబుతాను. ఐసీపీ చెప్పేది మొత్తం రాగి. అందులో సేంద్రియాలకి అతుక్కుని ఊరికే ఉన్నదెంత, విడిగా తిరుగుతూ ప్రాణం తీసేదెంత, అది చెప్పదు. 21 అన్న అంకె చూసి నేను కంగారు పడటం లేదు. నత్త చచ్చింది, పాలిప్స్ ముడుచుకున్నాయి, అందుకే మార్చమంటున్నాను. ఇవేవీ లేకపోతే ఆ రిపోర్ట్ మడిచి పక్కన పెట్టమనేవాణ్ణి. మీరు వైద్యం చేస్తున్నది కాగితానికి.

పగడాలపిచ్చి:
ఇదీ అసలు సంగతి! జీవాలు చెప్పేదాకా ఆగుదామంటారు మీరు. నా ట్యాంకులో అవి చెప్పేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. అంకె ముందు చెబుతుంది కాబట్టే నేను అంకెని నమ్ముతాను. అతుక్కున్న రాగి ఎప్పటికీ అతుక్కునే ఉంటుందని హామీ ఇస్తారా?

నీటిమార్పు:
ఇవ్వను. మీ రెజిన్ ఏ రాగిని పడుతోందో మీరు చెప్పగలరా?

కొత్తసంప్:
గవ్వ గారూ, ఇప్పుడే చూశాను. నికెల్ 9. దానికీ గుర్తు పెట్టారు.

గవ్వ:
అయితే మాగ్నెట్లు చూడండి. నియోడిమియం మాగ్నెట్‌కి మామూలుగా వేసే పూత నికెల్, రాగి, మళ్ళీ నికెల్. పైన ఎపాక్సీ పగిలి ఉప్పునీళ్ళు లోపలికి పోతే ఆ పూత కూడా కరుగుతుంది. ఇత్తడి నట్టో క్లాంపో అయితే రాగితో పాటు జింక్ కూడా ఎక్కేది, మీకు ఎక్కలేదు. అద్దానికి మాగ్నెట్‌తో పట్టి ఉండి నీళ్ళు కదిపే వేవ్ పంప్, అద్దం తుడిచేది, రాళ్ళు నిలబెట్టే ర్యాక్, అన్నీ బయటికి తీసి వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బితే అదే.

కొత్తసంప్:
వేవ్ పంప్ దొరికింది. నీళ్ళలో ఉండే ముక్కకి అంచున వెంట్రుకంత పగులు. గోటితో నొక్కితే గోధుమరంగు బురద వచ్చింది, ప్లాస్టిక్ పక్కకి ఉబ్బి ఉంది. తీసేశాను. ఇప్పుడు నీళ్ళు మార్చాలా, రెజిన్ పెట్టాలా?

నీటిమార్పు:
సగం మార్చండి.

పగడాలపిచ్చి:
రెజిన్ పెట్టండి. మార్చేటట్టయితే పదిహేను శాతం మించకండి, అదీ ఆ ఉప్పు కలిపిన నీళ్ళు పరీక్షకి పంపాకే.

గవ్వ:
పంప్ లోపల తిరిగే రోటర్ కూడా విప్పి చూడండి, దానిలోనూ మాగ్నెట్ ఉంటుంది. నెలాగి అదే ల్యాబ్‌కి మళ్ళీ పంపండి.