చేపకు పేను పడితే చెరువులో పురుగుమందు పోయవచ్చా?

పిచ్చాటూరు రైతు:
మా ఊరి చెరువును ఈ ఏడాది వేలంలో నేనే పాడుకున్నాను. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వదిలాను. నిన్న వల వేస్తే శీలావతుల రెక్కల వెనక, పొట్ట కింద పేను కనిపించింది. ఒక్కొక్కటి పెసరబద్దంత ఉంది. అద్దంలా పల్చగా ఉండి, రెండు నల్లటి కళ్లు మాత్రమే తెలుస్తున్నాయి. గోటితో లాగితే ఆ చోట రక్తపు చుక్క. చేపలు గట్టు రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నాయి. మందుల కొట్టు ఆయన డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పోయమన్నాడు. అదే చెరువులో ఊరి పశువులు నీళ్లు తాగుతాయి. ఏం చేయమంటారు?

పలమనేరు రైతు:
పోయండి, ఆలస్యం వద్దు. పేను కుట్టిన చోట పుండు పడుతుంది, పుండులో బ్యాక్టీరియా చేరుతుంది. రెండేళ్ల కిందట నేను వారం రోజులు ఆలోచిస్తూ కూర్చున్నాను. చేపలు తేలిపోయాయి. వేలం డబ్బు నాకెవరూ తిరిగి ఇవ్వలేదు.

తిరుపతి విద్యార్థి, జంతుశాస్త్రం:
అన్నా, దయచేసి ఆగండి. పేను అంటున్నాం గానీ ఇది ఆర్గులస్ అనే జీవి, రొయ్యలు, పీతల వర్గానికి చెందింది. బొచ్చె తినే జంతు ప్లవకాల్లో, అంటే నీటిలో తేలే సూక్ష్మ జీవుల్లో, చాలా వరకు ఆ వర్గానివే. పేనును చంపే మందు బొచ్చె నోటి దగ్గరి మేతను కూడా చంపుతుంది. గుడ్లను నమ్మకంగా చంపదు. పైగా గుడ్లు చేప మీద ఉండవు. ఆడ పేను చేపను వదిలి వెళ్లి రాళ్లకు, కర్రలకు గుడ్లు అంటిస్తుంది. మన ప్రాంతపు వెచ్చటి నీటిలో రెండు వారాలు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి. అప్పుడు మళ్లీ డబ్బా కొనాలి.

ఈ దారిలో నార్వే మనకంటే చాలా ముందే నడిచింది. అక్కడ సముద్రంలో వల పంజరాలు కట్టి సాల్మన్ అనే చేపను పెంచుతారు. సాల్మన్ పేను చేప ఒంటి జిగురును, చర్మాన్ని, రక్తాన్ని తింటుంది. మేతలో ఎమామెక్టిన్ బెంజోయేట్ కలిపి పెట్టారు. మన టమాటా రైతులు కాయతొలుచు పురుగుకు కొట్టేది అదే. కొన్నేళ్లకు పేను దానికి లొంగడం మానేసింది. డెల్టామెత్రిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో చేపలను ఉంచినప్పుడూ అదే జరిగింది. ఇప్పుడు చేపలను 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి నీటిలో కొన్ని సెకన్లు ముంచి తీస్తున్నారు. చల్లటి నీటి చేపకు అది నరకం. పేనును ఏరి తినే చేపలను పంజరాల్లో వదిలితే ఆ చేపలే పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి.

వారి నుంచి నేర్చుకోవలసింది లెక్క. నార్వే నిబంధన ప్రకారం సగటున చేపకు 0.5 ఎదిగిన ఆడ పేను దాటకూడదు. నదుల్లో సహజంగా పుట్టిన సాల్మన్ పిల్లలు సముద్రానికి దిగే వసంతంలో ఆ పరిమితి 0.2. మీరూ ఇరవై చేపలు పట్టి పేలు లెక్కపెట్టండి. వెదురు చాపలు నీటిలో దించి, వారానికోసారి తీసి ఎండబెట్టండి. వాటికి అంటిన గుడ్లు ఎండకు చస్తాయి.

పలమనేరు రైతు:
తమ్ముడూ, నలభై ఎకరాల చెరువులో ఎన్ని చాపలు దించుతావు? కూలి ఎవరిస్తారు? నార్వేలో కంపెనీలు పెంచుతాయి, ఇక్కడ అప్పు చేసి పెంచుతాం. చేప చచ్చాక లెక్కలు ఎందుకు?

శ్రీకాళహస్తి, మత్స్యకార సంఘం సభ్యుడు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మన చెరువులు చాలా వరకు వేసవిలో పగుళ్లిచ్చేలా ఎండుతాయి. ఆ ఎండలో గుడ్డు బతకదు. మరి కొత్త వాన నీటితో నిండిన చెరువుకు పేను ఎక్కడి నుంచి వచ్చింది? చేపపిల్లలతో వచ్చి ఉండాలి, లేదా పక్క చెరువులో లాగిన తడి వలతో వచ్చి ఉండాలి. మా సంఘంలో అద్దె వలను ఒక రోజు ఎండబెట్టనిదే నీటిలో దించనివ్వం. మొదట్లో గొడవ పడ్డారు. నాకైతే ఈ పట్టుదలే మందు కంటే ముఖ్యం.

పిచ్చాటూరు రైతు:
నా వల అద్దెదే. తడిగానే తెచ్చారు. ఈ ఉదయం ఇరవై చేపలు చూశాను. శీలావతులకు ఆరేడు చొప్పున ఉన్నాయి, బొచ్చెలకు ఒకటో రెండో. పుండ్లు ఇంకా లేవు. తూము దగ్గర, రాళ్ల దగ్గర పది చాపలు దించుతున్నాను. పుండు కనిపిస్తే పలమనేరు అన్న మాట గురించి మళ్లీ ఆలోచించక తప్పదు. గుడ్లు కంటికి కనిపిస్తాయా?

తిరుపతి విద్యార్థి, జంతుశాస్త్రం:
కనిపిస్తాయి. జిగురుతో వరసగా అంటుకుని, లేత పసుపు రంగులో ఉంటాయి. తర్వాత ముదురు రంగుకు తిరుగుతాయి. చాపను రెండు వైపులా తిప్పి చూడండి.