చర్చ: వరద రోజుల్లో పసిపిల్లల విరేచనాలు – ఓఆర్‌ఎస్ కలపడం, పట్టడం

లంకల_ఆశా
గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు దాటాక, లంకల (నది మధ్య ఊళ్ళ) దారులు ఒక్కొక్కటే మునుగుతాయి. కనకాయలంక కాజ్‌వే మీద నీళ్ళు పారితే ఇక పడవే దిక్కు. అందుకే ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో నాలుగు ఓఆర్‌ఎస్ (నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజ్ పొడి) ప్యాకెట్లు, ఒక అట్ట జింకు మాత్రలు ముందే పెట్టుకోమని చెబుతున్నాం. ప్యాకెట్ ఉన్నా కలిపే తీరు తప్పితే మేలు కన్నా కీడే ఎక్కువ. పని తెలిసినవాళ్ళు కొలతలతో రాయండి, తల్లులకి చదివి వినిపిస్తాను.

రాజోలు_నర్సు
పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీళ్ళకి. చిన్నది 200 మి.లీ.కి. ఏది ఎంతకో ప్యాకెట్ మీద ఉంటుంది, చూడకుండా చింపొద్దు.

ఎక్కువగా జరిగే తప్పు పెద్ద ప్యాకెట్‌లో కొంచెం గ్లాసులో వేసి, మిగతాది మడిచి దాచడం. పొడిలో ఉప్పు, గ్లూకోజ్ అంతటా సమంగా ఉండవు, పైగా గ్లాసుకి ఎంత వేశారో ఎవరికీ తెలీదు. చిక్కగా పడితే ఒంట్లో ఉప్పు పెరిగి బిడ్డకి ఫిట్స్ రావచ్చు. పల్చనైతే పోయిన లవణం తిరిగి రాదు. లీటరు వాటర్ బాటిల్ శుభ్రంగా కడిగి, మెడ దాకా కాకుండా లీటరు గీత దాకా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేసి కలపండి. కలిపాక మళ్ళీ కాచొద్దు. పంచదార, పాలు, కూల్‌డ్రింక్ చేర్చొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి.

కొబ్బరితోట
మా కోనసీమలో విరేచనాలంటే ముందు బొండాం కొడతారండీ. అది చాలదా?

పిల్లల_వైద్యం_అమలాపురం
బిడ్డ హుషారుగా ఉండి, ఒకటి రెండు విరేచనాలే అయితే కొబ్బరి నీళ్ళు, గంజి, పల్చటి మజ్జిగ పట్టొచ్చు, మంచివే. కానీ కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం (మామూలు ఉప్పులో ఉండే లవణం) తక్కువ. విరేచనాల్లో బాగా పోయేది సోడియం. కళ్ళు లోపలికి పోయిన బిడ్డకి బొండాం మీద ఆధారపడకండి. ప్యాకెట్ చేతికి వచ్చేదాకా ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు నీళ్ళకి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. రెండూ తలకొట్టి కొలవాలి, కుప్పగా కాదు. రుచి కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోయండి.

మందులషాపు_పాలకొల్లు
షాపుకొచ్చి "ఓఆర్‌ఎస్ డబ్బా" అని అడిగితే పళ్ళరసం లాంటి టెట్రాప్యాక్‌లు చేతికి వచ్చేవి. పంచదార ఎక్కువ, లవణాలు తక్కువ, తాగితే విరేచనాలు పెరుగుతాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదంది. అయినా అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

విరేచనాలు కట్టే మాత్ర అడుగుతారు. లోపెరమైడ్ పసిపిల్లలకి వద్దే వద్దు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. రక్తం పడితేనో, కలరా అనుమానం ఉంటేనో యాంటీబయాటిక్, అదీ డాక్టరు రాస్తేనే.

సఖినేటిపల్లి_అంగన్‌వాడీ
మా తీరం వైపు నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి. బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్ళలో ప్యాకెట్ కలిపితే సోడియం రెట్టింపు దెబ్బ. తాగే టిన్ను నీళ్ళో, మంచినీళ్ళ చెరువు నీళ్ళో కాచి వాడాలి. వరద నీరు మట్టిగా ఉంటే ముందు పటిక తిప్పి తేర్చి, గుడ్డలో వడకట్టండి. మట్టి ఉన్న నీళ్ళలో క్లోరిన్ మాత్ర సరిగా పనిచెయ్యదు. తేరాక మాత్ర వేసి అరగంట ఆగాలి. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసుకోండి.

లంకల_ఆశా
"ఓఆర్‌ఎస్ పట్టాం, విరేచనాలు ఆగలేదు" అని మధ్యాహ్నానికే మానేస్తున్నారు. వాళ్ళకేం చెప్పాలి?

పిల్లల_వైద్యం_అమలాపురం
అది విరేచనాలు ఆపే మందు కాదని ముందే చెప్పాలి. జబ్బు చేసినా పేగు గోడ గ్లూకోజ్‌తో పాటు సోడియాన్ని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. పోయే నీటికి సమానంగా నీరు ఎక్కించడమే దాని పని. విరేచనాలు చాలావరకు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, ఈలోగా బిడ్డ ఎండిపోకూడదు.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు వాళ్ళకి 50–100 మి.లీ., ఆపైన 100–200. నీరసించి, కళ్ళు లోతుకు పోయి, గిల్లిన పొట్ట చర్మం నెమ్మదిగా సర్దుకుంటుంటే లెక్క వేరు: కిలోకి 75 మి.లీ. చొప్పున 4 గంటల్లో. 8 కిలోల బిడ్డకి 600 మి.లీ. అంటే రెండు నిమిషాలకో 5 మి.లీ. స్పూను. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. పాలసీసాతో గటగటా పట్టడం వల్లే చాలా వాంతులు.

రాజోలు_నర్సు
జింకు మర్చిపోకండి. 6 నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., 2–6 నెలల వాళ్ళకి సగం మాత్ర, స్పూనులో తల్లిపాలతోనో నీళ్ళతోనో కరిగించి, 14 రోజులూ. విరేచనాలు ఆగగానే మాత్రలు మానేస్తారు. పూర్తిగా వాడితేనే రాబోయే రెండు మూడు నెలలు కూడా రక్షణ ఉంటుంది. తల్లిపాలు ఆపొద్దు. పెద్ద పిల్లలకి ఉత్త సగ్గుబియ్యం జావతో నెట్టకండి, పెసరపప్పు పులగంలో స్పూను నూనె, పెరుగన్నం, చక్కెరకేళి అరటిపండు పెట్టండి.

లంకల_ఆశా
పడవ కోసం ఎప్పుడు పరుగెత్తాలి?

పిల్లల_వైద్యం_అమలాపురం
తాగలేకపోతున్నా, మత్తుగా లేవకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, రక్తం పడినా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా. రెండు నెలల్లోపు బిడ్డయితే ఇవేవీ చూడకుండానే. రేవు దాటాల్సినవాళ్ళు చీకటి పడేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేసి అవతలి ఒడ్డున బండి పెట్టించుకోండి. పడవలో కూడా స్పూనుతో పడుతూనే ఉండండి.