తొలిసారి సైకోసిస్ వస్తే అందరికీ ఎమ్మారై తీయాల్సిందేనా?

హొసూరురోడ్డు_బస్సు
బెంగళూరులో స్కాన్, సైకియాట్రీ పనిచేసే మనవాళ్ళందరికీ ఒక ప్రశ్న. ఇరవై ఏళ్ళ కుర్రాడు. రెండు నెలలుగా ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయి, ఇంట్లోవాళ్ళ మీద అనుమానం, అంటే సైకోసిస్ లక్షణాలు. జ్వరం లేదు, ఫిట్స్ లేవు, నరాల పరీక్షలో తేడా లేదు. ఎమ్మారై రాయాలా? బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2008లోనే అందరికీ మామూలుగా తీయక్కర్లేదంది. 2023లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన సమీక్ష 12 అధ్యయనాలు, 1613 మందిని కలిపి చూసి 5.9 శాతం మందిలో చికిత్స మార్చాల్సినంత తేడా దొరికిందంది. ఏది పట్టుకోవాలి?

మూడు_టెస్లా
రాయాలి. 5.9 అంటే సుమారు పదిహేడు మందికి ఒకరు. ఇంతకంటే తక్కువ దొరికే జబ్బులకు రోజూ స్కాన్లు రాస్తున్నారు. నాలుగు సీక్వెన్సులు (బొమ్మ తీసే పద్ధతులు) చాలు, మూడు టెస్లా (అయస్కాంత బలం) యంత్రంలో ఇరవై నిమిషాల పని. ఒక మిల్లీమీటరు మందంతో త్రీడీ టీ1 (మెదడు ఆకారానికి), ఫ్లెయిర్ (వాపు, మచ్చలకి), డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ (పాత రక్తం, కాల్షియం కోసం). ఫ్లెయిర్‌లో టెంపోరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) లోపలి అంచు తెల్లగా ఉంటే ఎన్‌కెఫలైటిస్ (మెదడు వాపు) గురించి ఆలోచించాలి. మెదడు లోతుల్లో ఉండే పుటామెన్‌లో తేడా ఉంటే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకునేది), అప్పుడు రక్తంలో సెరులోప్లాస్మిన్ చూడాలి, కంట్లో కేఎఫ్ రింగు (రాగి వలయం) వెతకాలి. వెంట్రికల్స్ (మెదడులోని నీటి గదులు) చుట్టూ వైట్ మ్యాటర్ (నరాల తీగల పొర) రెండువైపులా సమానంగా పోయి ఉంటే మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ అనే వంశపారంపర్య జబ్బు. అది పెద్దయ్యాక బయటపడితే మొదట సైకోసిస్ లాగే కనిపించొచ్చు. ఎస్‌డబ్ల్యూఐలో పాత సిస్టిసర్కోసిస్ (మెదడులో బద్దెపురుగు తిత్తులు) మచ్చలు తేలతాయి, మన ప్రాంతానికి ఇది ముఖ్యం. కాంట్రాస్ట్ (తేటగా కనబడటానికి ఎక్కించే మందు) అందరికీ అక్కర్లేదు, అనుమానం ఉంటేనే.

సగటు_మనిషి
5.9 ని ఒంటరిగా నిలబెట్టకండి. ఏ జబ్బూ లేనివాళ్ళకి స్కాన్ తీసినా ఏదో ఒకటి దొరుకుతుంది. 2009లో బీఎంజే వైద్య పత్రిక సమీక్ష 19,559 మందిని చూస్తే గడ్డలు 0.7 శాతం, మిగతావి 2 శాతం. మొత్తం 2.7. సైకోసిస్ వల్ల అదనంగా దొరికేది అసలెంత అన్నదే ప్రశ్న.

చిత్తూరు_చింతకాయ
అంటే 5.9 లోంచి 2.7 తీసేస్తే 3.2 అంటారా? సంతలో బేరమా సార్ ఇది?

సగటు_మనిషి
తీసేయమని నేననలేదు. తీసేయకూడదు కూడా. ఒకరు ‘చికిత్స మార్చాల్సినవి’ లెక్కపెట్టారు, ఇంకొకరు అనుకోకుండా కనబడినవి లెక్కపెట్టారు. నిర్వచనాలు వేరు, వయసులు వేరు. పోలిక గుంపు పక్కనే లేకుండా ఆ 5.9 ఎంత పెద్దదో చెప్పలేమన్నదే నా మాట.

మూడు_టెస్లా
అంటే దొరికిన గడ్డ కూడా గణాంకమేనా? ఆ పేషెంటుకి అది నూటికి నూరు శాతం.

మాత్రల_డబ్బా
ఎన్‌కెఫలైటిస్ మాటెత్తారు కాబట్టి చెప్తున్నా, యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్‌లో (ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే రకం) సగానికి పైగా కేసుల్లో ఎమ్మారై మామూలుగానే ఉంటుంది. స్కాన్ బాగుందని దాన్ని కొట్టేయలేరు. పట్టించేవి ఈఈజీ (మెదడు విద్యుత్తు పరీక్ష), వెన్నునీరులో యాంటీబాడీ పరీక్ష. రోజుల్లోనే ముదిరిపోవడం, మాట తగ్గిపోవడం, మూతి వింతగా కదలడం, ఫిట్స్, బీపీ ఎక్కువతక్కువలు. వీటిలో ఏది కనబడినా స్కాన్ రిపోర్టు కోసం ఆగకూడదు.

గ్రేమ్యాటర్_గోపి
గడ్డలు వదిలేయండన్నా. స్కిజోఫ్రినియాలో మెదడే మారుతుంది కదా, అది స్కాన్‌లో పట్టుకోలేమా? 1976లో సీటీలోనే వెంట్రికల్స్ పెద్దవిగా కనబడ్డాయి. ఇప్పుడు ఇక్కడి కొన్ని సెంటర్లు ‘వాల్యూమెట్రీ’ (మెదడు భాగాల సైజు కొలత) రిపోర్టులే ఇస్తున్నాయి. హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) 12వ పర్సంటైల్ అని ఎర్ర గీత గీసి మరీ.

సగటు_మనిషి
ఆ ఎర్ర గీతే కొంప ముంచేది. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధన బృందం 2028 మంది పేషెంట్లను, 2540 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. అన్నిటికంటే పెద్ద తేడా హిప్పోకాంపస్‌లోనే, ప్రభావ పరిమాణం (రెండు గుంపుల సగటుల మధ్య తేడా కొలత) 0.46. వినడానికి బాగుంది. ఒక పేషెంటునీ ఒక ఆరోగ్యవంతుడినీ చీటీ తీసినట్టు తీసి, చిన్న హిప్పోకాంపస్ ఉన్నవాడే పేషెంటని చెప్పండి. నూరుసార్లలో 63 సార్లు సరిపోతుంది. నాణెం ఎగరేస్తే యాభై వస్తుంది. 12వ పర్సంటైల్ అంటారా? ఆరోగ్యవంతులు నూరుమందిలో పన్నెండుమంది ఆ గీత కిందే ఉంటారు, అందుకే దానికా పేరు.

ఇక ముందే జోస్యం చెప్పే సంగతి. ముప్పు ఎక్కువున్న గుంపులో ఇరవై శాతం మందికి తర్వాత సైకోసిస్ వస్తుందనుకోండి. జబ్బు రాబోయేవాళ్ళలో 80 శాతం మందిని పట్టి, రానివాళ్ళలో 80 శాతం మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష చేతికొచ్చినా (అలాంటిది ఇంకా ఎవరి దగ్గరా లేదు), పాజిటివ్ వచ్చినవాళ్ళలో సగం మందికి జబ్బు రాదు. నూటికి ఒక్కరికి జబ్బు వచ్చే మామూలు జనంలో అదే పరీక్ష పెడితే, పాజిటివ్‌లు నూటిలో దాదాపు 96 తప్పే.

మూడు_టెస్లా
లెక్కలు బాగున్నాయి. బొమ్మ ఎలా తీశారో ఎవరూ అడగట్లేదే!

సగటు_మనిషి
అడుగుతున్నా. తల కదిలితే కార్టెక్స్ (మెదడు పై పొర) పలచగా కొలతకొస్తుంది. 2015లో దీన్ని కొలిచి చూపించారు. కంటికి బాగానే ఉన్న స్కాన్లలో కూడా కదలిక వల్ల గ్రే మ్యాటర్ (నరకణాలుండే భాగం) తక్కువగా వచ్చింది. పేషెంట్లు ఆరోగ్యవంతులకంటే ఎక్కువ కదులుతారు. అంటే ‘జబ్బు తేడా’లో కొంత మీ టేబుల్ మీదే పుడుతోంది.

మూడు_టెస్లా
మా టేబుల్ మీదా? స్కాన్ గది గడప తొక్కనివాళ్ళు మాకు పాఠాలు చెప్పడం ఇక్కడ మామూలైపోయింది. తల కదలకుండా చేయడానికి ఏం చేస్తారో తెలుసా మీకు? చెవుల పక్క ఫోమ్ ముక్కలు రెండువైపులా సమానంగా బిగించాలి, ఒకవైపే బిగిస్తే తల మెల్లగా తిరుగుతుంది. గొలుసులు, హెయిర్ పిన్నులు తీయించాలి. మాటలు వినబడేవాడికి ఆ ఠకఠక శబ్దం ఎలా ఉంటుందో ముందే వినిపించాలి, లేకపోతే మూడో నిమిషంలో బెల్ నొక్కుతాడు. కొలతకి కావలసిన టీ1 మొదట తీయాలి, ఓపిక ఉండగానే. బొమ్మలో కదలిక అలలు కనబడితే అక్కడే ఆపి మళ్ళీ తీయాలి, చివర్లో కాదు. ఇవన్నీ చేశాక కూడా మీ సాఫ్ట్‌వేర్ డ్యూరాని (మెదడు మీది గట్టి పొర) కార్టెక్స్ అని గీసుకుంటుంది. అది మా తప్పా?

సగటు_మనిషి
అది మాదే, ఒప్పుకుంటా. మెదడు కొలిచే ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ కొన్ని గంటలు నడిచి ఏం గీసిందో ఒక్కో స్లైస్ తెరిచి చూడాలి, టెంపోరల్ కొనల దగ్గర మరీ ముఖ్యం. మధ్యలో వెర్షన్ మార్చకూడదు. 2012లో చూపించారు, వెర్షనో ఆపరేటింగ్ సిస్టమో మారితే అదే మెదడుకి వేరే సంఖ్య వస్తుంది.

గ్రేమ్యాటర్_గోపి
మరి మందుల వల్లే మెదడు కుంచించుకుపోతుందని అంటున్నారే? కోతుల మీద చేశారట.

మాత్రల_డబ్బా
ఆ కోతుల సంగతి సగమే చెప్పి వదిలేస్తారు ఎక్కడ చూసినా. 2005లో మకాక్ కోతులకు సైకోసిస్ మందులైన హాలోపెరిడాలో ఓలాంజపీనో 17 నుంచి 27 నెలలు ఇస్తే మెదడు బరువు 8 నుంచి 11 శాతం తగ్గింది, నిజమే. 2011లో 211 మంది పేషెంట్లను సగటున ఏడేళ్ళకు పైగా చూస్తే మందు ఎక్కువైన వాళ్ళకు గ్రే మ్యాటర్ తగ్గుదలా ఎక్కువ, అదీ నిజమే. కానీ జబ్బు ముదిరినవాళ్ళకే డోసు పెంచుతారు, ఆ ముడి పూర్తిగా విప్పలేం. ఒక్క మాత్ర కూడా మొదలుపెట్టని పేషెంట్లలోనూ మెదడు లోతుల్లోని థాలమస్, కాడేట్ చిన్నగానే ఉన్నాయి. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ ఇలా మందు మొదలవ్వని వాళ్ళ మీద చాలా పని జరిగింది. మరి రెండో అంకె కూడా చెప్పండి. 2012 లాన్సెట్ సమీక్షలో ఏడాదిలో జబ్బు తిరగబడింది మందు వాడినవాళ్ళలో 27 శాతం, ఆపినవాళ్ళలో 64 శాతం. ఇంటివాళ్ళ చేతికి మొదటి అంకె ఒక్కటే ఇస్తే రేపటినుంచి మాత్ర కాలవలోకే.

మూడు_టెస్లా
అందుకే స్కాన్ తీయండి అంటున్నా! అనంతపురం, హిందూపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళకి ఒక బొమ్మ చూపిస్తే ఇది దయ్యం కాదు, మెదడు జబ్బు అని నమ్ముతారు.

మాత్రల_డబ్బా
ఇదిగో, ఇప్పుడు బయటికొచ్చింది. ఇంతసేపూ గడ్డ దొరుకుతుందని వాదించారు, ఇప్పుడు నమ్మించడానికి అంటున్నారు. ఎక్కువమందికి ఏమొస్తుంది రిపోర్టు? నార్మల్. ‘మెదడులో ఏమీ లేదంట, వీడు నాటకాలాడుతున్నాడు’ అంటారు ఇంట్లో. లేదా ‘డాక్టర్లకే దొరకలేదు, తాయెత్తు కట్టిద్దాం’ అంటారు. మీరు నమ్మకం కోసం తీయించిన బొమ్మే ఆ కుర్రాడి మీద సాక్ష్యమవుతుంది.

మూడు_టెస్లా
నార్మల్‌ని నార్మల్ అనక ఏమని రాయాలి?

మాత్రల_డబ్బా
రిపోర్టులో కాదండీ, స్కాన్ రాసేటప్పుడే చెప్పాలి. ‘ఈ స్కాన్ మీవాడి జబ్బుని చూడ్డానికి కాదు. ఇలాగే కనిపించే వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి. బాగుందని వస్తే మందు మొదలుపెడతాం.’ ఇది చెప్పకుండా చీటీ రాయడమే నాకు అభ్యంతరం. స్కాన్ మీద కాదు.

చిత్తూరు_చింతకాయ
ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే రెండు పేజీలు మిగిలేవి కదబ్బా.

సగటు_మనిషి
దీనికి నేనూ ఒప్పుకుంటా. కానీ వాల్యూమెట్రీ పేజీ మాత్రం ఇంటివాళ్ళ చేతికి ఇవ్వకండి.

మూడు_టెస్లా
ఆ పేజీ మేం ప్రింట్ చేయం. కానీ ఒక మాట. రిక్వెస్టు ఫారంలో ‘సైకోసిస్’ అని ఒక్క ముక్క రాసి పంపితే రేడియాలజిస్టు ఏం వెతకాలి? ఎన్నాళ్ళుగా, ఎంత వేగంగా, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందులు, దేన్ని కొట్టేయాలి. ఐదు ముక్కలు.

హొసూరురోడ్డు_బస్సు
ఆ ఐదూ రాసి పంపిస్తున్నా. ఎస్‌డబ్ల్యూఐ లేని పాత 1.5 టెస్లా అయితే సిస్టిసర్కోసిస్ మచ్చల్లోని కాల్షియం కోసం సీటీ కూడా రాయాలా?

మూడు_టెస్లా
గ్రేడియంట్ ఎకో (ఎస్‌డబ్ల్యూఐకి పాత రూపం లాంటి సీక్వెన్సు) ఉంటే ముందు అది చూడండి. అందులో నల్లచుక్క కనబడి, అది కాల్షియమో పాత రక్తమో తేలకపోతేనే సీటీ.